ప్రాజెక్టు డైరీ: గుంటూరులో 9 సెంట్ల చెత్త దిబ్బ, 12 మడుల కూరగాయల తోట

స్థలం నల్లపాడు వైపు ఒక పాత లేఅవుట్‌లో ఉంది. పార్కుకని వదిలిన 9 సెంట్లు, అంటే 435 గజాలు. పార్కు రాలేదు గానీ ఆ చుట్టుపక్కల ఇల్లు కట్టినవాళ్ళూ పడగొట్టినవాళ్ళూ రబ్బిష్ తోలింది మాత్రం అక్కడే. మేము డిగ్రీ విద్యార్థులం, ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) వలంటీర్లం. రెండేళ్ళలో 240 గంటల సేవ చూపించాలి కాబట్టి మొదట్లో జనానికి కొదవ లేదు. గంటలు నిండాక ఎంతమంది మిగిలారన్నది చివర్లో చెబుతాను. అనుమతుల కోసం తిరిగిన కథ వదిలేస్తున్నాను, అది ఎవరికీ కొత్త కాదు. చేతిలో కాగితం పడేదాకా గునపం దించొద్దు, అంతే. డబ్బు కాలనీ ఇళ్ళ నుంచి, మా సీనియర్ల నుంచి చందాగా వచ్చింది: మొత్తం 37,000.

దశ 1: రబ్బిష్ (2023 జూన్)

పైన కనిపించే కుప్పల్ని చూసి ఐదారు ట్రాక్టర్ ట్రక్కులకు సరిపోతుందనుకున్నాం. 11 పట్టాయి. రోడ్డు వైపు 4 మీటర్ల మేర అసలు నేల ఎక్కడుందో పైనుంచి తెలియదు. ముందు ఇటుక ముక్కలు, తర్వాత పాలిథిన్ కవర్ల పొర, దాని కింద మళ్ళీ సిమెంటు పెళ్ళలు. 40 సెం.మీ. దిగాక గానీ నల్లమట్టి తగల్లేదు. ఇలాంటి స్థలం తీసుకునేవాళ్ళు జేసీబీని పిలవకముందే ఈ పని చేసుకుంటే బేరం ఆడటానికి పనికొస్తుంది:

1. రబ్బిష్ ఉన్నచోట నాలుగైదు చోట్ల గునపంతో గుంతలు తీసి, నల్లమట్టి ఎంత లోతులో ఉందో కొలవాలి.
2. పొడవు, వెడల్పు, సగటు లోతు గుణించాలి. మాది 22 × 4 × 0.4, అంటే సుమారు 35 ఘనపు మీటర్లు.
3. ట్రక్కుకు 3 ఘనపు మీటర్ల చొప్పున భాగించాలి. 12 వస్తుంది. మాకు పట్టింది 11.

జేసీబీని మూడు గంటలు నడిపాక ఆపేశాం. బకెట్ అడుగుకు పోయేకొద్దీ మంచి మట్టినీ చెత్తనూ కలిపేస్తోంది. మిగిలింది చేత్తో ఏరాల్సిందే. ట్యూబులైట్ గాజు, మేకులు ఉంటాయి కాబట్టి రబ్బరు గ్లవ్స్ పూటకే చిరిగిపోతాయి. వెల్డింగు వాళ్ళ తోలు గ్లవ్స్ కొనుక్కోండి.

సర్కారు తుమ్మను పైపైన నరికితే మొదలు నుంచి మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. నేల లోపల అడుగు దాకా తవ్వి మొదలు పెకలించాలి. కంప మాత్రం పారేయలేదు. కంచెకు అంతకన్నా మంచి సరుకు డబ్బు పెట్టినా దొరకదు, మా కాలనీ గేదెలు కూడా దాని జోలికి రాలేదు.

ఖర్చు: జేసీబీ 3,900, ట్రాక్టర్లు 9,900, పారలు, పలుగులు, తట్టలు, గ్లవ్స్ 2,650. ఇప్పటిదాకా 16,450.

దశ 2: మట్టి పరీక్ష

నమూనా తీసే పద్ధతి అందరికీ తెలిసిందే: పది చోట్ల 'వి' ఆకారంలో 15 సెం.మీ. గుంత తీసి, గోడ వెంట పలచగా మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అర కిలోకి తేవడం. మేము రెండు నమూనాలు వేరువేరుగా ఇచ్చాం. ఒకటి లోపలి నేలది, ఒకటి రబ్బిష్ తీసిన రోడ్డు పట్టీది. కలిపి ఇచ్చుంటే అసలు సంగతి బయటపడేది కాదు.

లోపలి నేల: పీహెచ్ (క్షారం కొలత, 7 దాటితే క్షార నేల) 8.4, సేంద్రియ కర్బనం 0.31 శాతం.
రోడ్డు పట్టీ: పీహెచ్ 8.9, కర్బనం 0.22 శాతం.

కర్బనం 0.5 కన్నా తక్కువైతే నిస్సారం కిందే లెక్క. ఆశ్చర్యమేం లేదు. పీహెచ్ గురించే గొడవ పడ్డాం. సిమెంటు ఎక్కడెక్కడ కలిసిందో తెలుసుకోవడానికి ఒకరు మట్టి మీద వెనిగర్ పోసి నురగ చూద్దామన్నారు. పోస్తే అన్నిచోట్లా నురగే. మన నల్లరేగడిలో పుట్టుకతోనే సున్నపు గులకలుంటాయి, వాటికీ నురగ వస్తుంది. సిమెంటుకూ గులకకూ తేడా వెనిగర్‌కు తెలియదు. ఈ పరీక్ష మన వైపు నేలల్లో దండగ.

ఇంకొకరు జిప్సం అన్నారు. జిప్సం పనిచేసేది సోడియం ఎక్కువైన చౌడు నేలకు. సిమెంటు వల్ల వచ్చింది కాల్షియం సున్నం, దానికి మళ్ళీ కాల్షియమే పోస్తే ఒరిగేదేమీ లేదు. మా బోటనీ మేడమ్ ఆ మాట చెప్పకపోతే రెండు బస్తాలు దిగేవే. చివరికి ఆ 4 మీటర్ల పట్టీలో పంట ఆలోచనే మానుకున్నాం. నడకదారి, ట్యాంకు, పనిముట్ల పెట్టె, కంపోస్టు గూడు అన్నీ అక్కడికే జరిపాం.

దశ 3: నీళ్ళు ఎటు పోతాయి

ఈ డైరీలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

జూన్‌లో అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నీళ్ళు పోశాం. రెండు బకెట్లు నిమిషాల్లో మాయమయ్యాయి. భలే ఇంకుతోందని సంబరపడ్డాం. మర్నాడు అదే గుంతలో మళ్ళీ పోస్తే గంటకు ఒక సెంటీమీటరు దిగింది, తెల్లారేసరికి అడుగున ఇంకా నీళ్ళున్నాయి. మొదటిరోజు నీళ్ళు తాగింది మట్టి కాదు, ఎండకు నెర్రెలిచ్చిన పగుళ్ళు. తడిస్తే ఈ బంకమట్టి ఉబ్బి ఆ పగుళ్ళన్నీ మూసుకుపోతాయి. నల్లరేగడిలో ఇంకుడు పరీక్ష చేస్తే రెండోరోజు అంకెనే నమ్మాలి.

జూలై చివరి వానలకు తూర్పు మూల 12 సెం.మీ. నీళ్ళు రెండు రోజులు నిలిచాయి. అప్పటికి మేము కాగితం మీద మడులు, వాటి మధ్య అడుగు లోతు కాలువలు గీసుకుని ఉన్నాం. పక్క ఇంటి పెద్దాయన ప్రత్తిపాడు వైపు పత్తి, మిరప పండించి వచ్చినాయన. గోడ మీద నుంచి చూసి అడిగాడు.

"ఏం బాబూ, కాలవలు తవ్వుతామంటున్నారు, ఆ నీళ్ళు ఎందులోకి పోతాయి?"

"రోడ్డు పక్క డ్రెయిన్లోకండీ."

"డ్రెయిన్ పల్లంలో ఉందా, మీ చేను పల్లంలో ఉందా? చూశారా?"

చూడలేదు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చి కొలిచాం. పడమటి అంచును సున్నా అనుకుంటే తూర్పు మూల 17 సెం.మీ. పల్లం, డ్రెయిన్ అడుగు 11 సెం.మీ. పల్లం. అంటే మూలలోని నీరు డ్రెయిన్‌లోకి పోవాలంటే 6 సెం.మీ. పైకి ఎక్కాలి. మేము గీసుకున్న కాలువలు తవ్వితే ఊరి డ్రెయిన్ నీళ్ళే మా తోటలోకి వచ్చేవి.

ప్లాను తిరగరాశాం:

1. కాలువలు తవ్వలేదు. అసలు నేల మట్టాన్నే కాలువ అడుగుగా ఉంచి, మడులను పైకి లేపాం.
2. మడి కొలత: 5 మీటర్ల పొడవు, 90 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. ఎత్తు. రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి కాబట్టి వెడల్పు అంతకు మించకూడదు.
3. 12 మడులకు 10.8 ఘనపు మీటర్ల మట్టి కావాలి. దాన్ని తూర్పు మూలలో 5 × 5 మీటర్ల మేర 40 సెం.మీ. తవ్వి తెచ్చాం.
4. ఆ మూల చిన్న కుంటగా మారింది. తడిని తట్టుకునే చేమ వేశాం. దోమలని కాలనీవాళ్ళు గొడవ చేస్తే దోమ లార్వాలను తినే గంబూసియా చేపపిల్లలు వదిలాం.

మట్టి ఎత్తడానికి పదును, అంటే సరైన తడి, చూసుకోవాలి. ఎండితే గునపం ఖంగుమంటుంది, తడిస్తే పారకు అతుక్కుని ఒక్కో పార ఐదు కిలోలవుతుంది. గుప్పెడు మట్టి ముద్ద చేసి మోకాలి ఎత్తు నుంచి వదిలితే పగిలి చెదిరిపోవాలి. చదును అయితే ఇంకా తడి ఉన్నట్టు. వాన వెలిశాక ఆ పదును రెండు మూడు రోజులకు మించి ఉండదు, ఆ రోజుల్లో క్లాసులున్నా సరే పనికి రావాల్సిందే.

దశ 4: జీలుగ, వాన లేని ఆగస్టు

జూన్ ఆఖర్లో స్థలమంతా 2 కిలోల జీలుగ (పచ్చిగానే నేలలో కలిపేసే పచ్చిరొట్ట ఎరువు పైరు) చల్లి ఉంచాం. కర్బనం పెరగడానికి అంత చవకైన దారి ఇంకోటి లేదు. జూలై నీళ్ళకు మిగతా మొక్కలేవైనా కుళ్ళిపోయేవి, జీలుగ నడుం దాకా ఎదిగింది. 45 రోజులకు, పూత దశలో నేలలో కలిపేయాలి. ట్రాక్టర్ రోటవేటర్ పెట్టి కలిపాం.

తర్వాత వాన లేదు. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి నమోదైన ఆగస్టుల్లోకెల్లా పొడిగా గడిచింది. పచ్చిరొట్ట కుళ్ళాలంటే తడి కావాలి. మూడు వారాల తర్వాత తవ్వి చూస్తే కాడలు కాడల్లాగే ఉన్నాయి. రెండు ట్యాంకర్ల నీళ్ళు కొని పెడితే గానీ మెత్తబడలేదు. ముదిరిన కాడలు అప్పటికీ లొంగలేదు, వాటిని ఏరి మడుల మట్టి మీద పైపొరగా పరిచాం. బోరు లేని స్థలమైతే జీలుగను 30, 35 రోజులకే, కాడ లేతగా ఉన్నప్పుడే కలిపేయడం మేలని నా అభిప్రాయం. ఎరువు కొంచెం తగ్గుతుంది, టెన్షన్ చాలా తగ్గుతుంది.

రోటవేటర్ ఇంకో ఉపకారం చేసింది. తుంగ గడ్డల గొలుసుల్ని ముక్కలు చేసి స్థలమంతా నాటింది. కలపకముందు ఒక చదరపు అడుగులో 14 తుంగ మొక్కలు లెక్కపెట్టాం. మూడు వారాలకు 41. నల్ల షీటు కప్పి చూస్తే దాన్నీ పొడుచుకుని వచ్చింది. ఫలితం కనిపించింది ఒక్కదానితోనే: రెండు వారాలకోసారి, కొత్త గడ్డ కట్టకముందే, పలుగుతో గడ్డతో సహా తీయడం. జనవరికి అదే అడుగులో 9కి వచ్చింది. తుంగ ఉన్న నేలలో రోటవేటర్ దించకండి.

ఖర్చు: విత్తనం 140, రోటవేటర్ 600, ట్యాంకర్లు 1,000, మాగిన పశువుల ఎరువు రెండు ట్రక్కులు 6,000. ఇప్పటిదాకా 24,190.

ఎరువు కొనేటప్పుడు ట్రక్కు మధ్యలో చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మాగలేదు. మొదటి ట్రక్కును అలాగే వెనక్కి పంపాం. పచ్చి పేడ వేస్తే వేరుపురుగునూ చెదల్నీ పిలిచి పెట్టుకున్నట్టే.

దశ 5: డ్రిప్పు (సెప్టెంబరు)

500 లీటర్ల ట్యాంకు, 1.8 మీటర్ల ఇటుక దిమ్మె, 16 మి.మీ. పైపు, గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు (నీళ్ళు చుక్కలుగా వదిలే ముక్కులు) 192. పక్క ఇంటి బోరు నుంచి ట్యాంకు నింపుకోవడానికి ఒప్పుకున్నారు. ఒకే పైపును మెలికలు తిప్పుతూ 12 మడులకూ వేశాం. నాలుగు రోజుల్లో మొదటి మడి బురద, ఆఖరి మడి నెర్రెలు.

డ్రిప్పర్ల కింద గ్లాసులు పెట్టి పది నిమిషాలు కొలిచాం:

మొదటి మడి: 270 మి.లీ.
ఆరో మడి: 120 మి.లీ.
పన్నెండో మడి: 40 మి.లీ.
ప్యాకెట్ మీద రాసినదాని ప్రకారం రావాల్సింది: 667 మి.లీ.

డ్రిప్పర్ మీద రాసిన 4 లీటర్లు ఒక బార్ ఒత్తిడికి. ఒక బార్ రావాలంటే నీళ్ళ మట్టం పది మీటర్ల ఎత్తున ఉండాలి. మాది 1.8 మీటర్లు, అంటే 0.18 బార్. ఒత్తిడి తగ్గితే ధార దాని వర్గమూలం లెక్కన తగ్గుతుంది. అలా చూస్తే గంటకు 1.7 లీటర్లు, పది నిమిషాలకు 283. మొదటి మడిలో మాకొచ్చిన 270 సరైన అంకే! డ్రిప్పర్‌లో లోపం లేదు. లోపమంతా ఆ ఒంటి పైపు పొడవులో ఉంది.

మార్చింది: మడుల మధ్యగా 32 మి.మీ. మెయిన్ పైపు వేసి, ఒక్కో మడికి విడిగా 5 మీటర్ల లైను తీశాం. మళ్ళీ కొలిస్తే 260 నుంచి 215 మి.లీ. మధ్య వచ్చింది. మొత్తం గంటకు సుమారు 290 లీటర్లు. ట్యాంకు గంటా నలభై నిమిషాల్లో ఖాళీ అవుతుంది. పూటకు ఒక ట్యాంకు అని లెక్క పెట్టుకున్నాం, వాల్వు తిప్పేవాళ్ళు గడియారం చూడక్కర్లేదు.

బోరు నీటి టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, లీటరుకు 1,450 మి.గ్రా. మన ఊళ్ళో ఇది వింత కాదు. డ్రిప్పర్ల మూతులకు తెల్ల సున్నం పడుతుంది, రెండు వారాలకోసారి లైను చివర విప్పి వదలాలి, మూసుకున్నవాటిని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాలి. మట్టి పరీక్షలో దండగైన వెనిగర్ ఇక్కడ పనికొచ్చింది. ఉప్పు నీటికి బీన్స్ ఆకుల అంచులు మాడిపోయాయి. పీకేసి గోరుచిక్కుడు వేశాం, అది ఉప్పును బాగా తట్టుకుంటుంది.

ఖర్చు: 6,550. ఇప్పటిదాకా 30,740.

దశ 6: పంట

ఇది త్వరగా చెబుతాను. తోటకూర, గోంగూర, చుక్కకూర నేరుగా చల్లాం, పెద్ద కష్టం లేదు. బెండలో అర్క అనామిక వేశాం, అది పల్లాకు తెగులును (ఆకుల ఈనెలు పసుపెక్కే వైరస్) తట్టుకునే రకం. బీర, సొర, దొండకు సర్వి కర్రలతో పందిరి. గుంటూరులో ఉండి మిరప లేకపోతే ఎలా అని 40 మొక్కలు పెట్టాం. 2021లో జిల్లా మిరప తోటల్ని ఊడ్చేసిన నల్ల తామరపురుగు మా 40 మొక్కల్నీ వెతుక్కుంటూ వచ్చింది. నీలం జిగురు అట్టలు కట్టి, పూలు దులిపి, సగం కాపాడాం. కాయ కన్నా పాఠం ఎక్కువ వచ్చింది, వచ్చే ఏడు మిరప వద్దని నేను ఓటేస్తాను.

కంపోస్టుకు ఎండుటాకులు చాలక, కోల్డ్ స్టోరేజీల దగ్గర ఊరికే దొరికే మిర్చి తొడిమలు నాలుగు బస్తాలు తెచ్చి వంటింటి చెత్తతో పొరలు వేశాం. నాలుగోరోజు లోపల 58 డిగ్రీలు, అద్భుతం. పదోరోజు తిరగెయ్యడానికి పార పెట్టగానే ఘాటు లేచింది. దగ్గులు, తుమ్ములు, పక్క మేడ మీద బట్టలారేస్తున్న ఆంటీ కిందికి దిగొచ్చి మరీ తిట్టారు. తొడిమలు బాగానే కుళ్ళుతాయి. కాకపోతే ముందురోజు నీళ్ళు చల్లి, మాస్కు కట్టుకుని, గాలి ఇళ్ళవైపు లేనప్పుడు తిరగెయ్యాలి.

ఖర్చు: విత్తనాలు, నారు 880, పందిరి 2,400. ఇప్పటిదాకా 34,020.
దిగుబడి: నవంబరు చివరికి 112 కిలోలు.

దశ 7: మిచాంగ్ (డిసెంబరు)

డిసెంబరు 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు గాలీ వానా రెండూ గట్టిగా తగిలాయి. మడుల మధ్య నీళ్ళు తొమ్మిది గంటల్లో డ్రెయిన్‌కు పోయాయి. జూలైలో రెండు రోజులు పట్టిన చోటే ఇది. డ్రెయిన్ నిండుగా పారుతున్నంతసేపు కదల్లేదు, అది తగ్గాక ఒక్కసారిగా లాగేసింది.

పందిరి పడిపోయింది. అన్ని కర్రలూ పడలేదు, అందుకే పడినవీ నిలిచినవీ కొలిచాం. 45 సెం.మీ. లోతున పాతినవన్నీ ఒరిగాయి. పనసకాయంత రాళ్ళడ్డొచ్చి విడిగా 75 సెం.మీ. గుంత తీసి, చుట్టూ ఇటుక ముక్కలు దట్టించిన నాలుగు కర్రలు నిలిచాయి. తడిసిన నల్లరేగడి కర్రను పట్టుకోదు, ఇటుక ముక్కలే పట్టుకుంటాయి. ఇప్పుడు అన్నీ అలాగే పాతాం. రబ్బిష్ మొత్తం తోలించేయకుండా ఒక కుప్ప ఉంచుకోండి.

వంగ మొక్కలు వారానికి వడలిపోయాయి. ఆ మడిని పీకి పాలకూర చల్లాం.

ఖర్చు: 1,150. ఇప్పటిదాకా 35,170.

దశ 8: గేటు తాళం

మొదట ఇంటికొక మడి అని పంచాం. నెల తిరిగేసరికి 12లో 5 ఎండిపోయాయి. ఊరెళ్ళినవాళ్ళ మడికి పక్కవాళ్ళు నీళ్ళు పెట్టరు, పెడితే 'మా మొక్కల్లో చెయ్యెందుకు పెట్టారు' అనే మాట వస్తుంది. మడులు ఎవరివీ కావని తీర్మానించి, వారాలు పంచాం. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఇంకోటి. ఆ రోజు నీళ్ళు పెట్టేవాళ్ళే ఆ రోజు కోసుకుంటారు. మిగిలితే గేటు దగ్గర బుట్టలో పెడతారు. గోంగూరను వేళ్ళతో పీక్కుపోయే అజ్ఞాత వ్యక్తి ఒకరున్నారు, ఆయనకు మాత్రం ఏ పద్ధతీ పనిచేయలేదు.

సెమిస్టర్ పరీక్షల్లో విద్యార్థులెవరూ రారు. ఇది ముందే రాసిపెట్టుకోవాలి. తాళంచెవి మాలో ఒకడి బైకు తాళాల గుత్తిలో ఉండేది. వాడు పరీక్షలయ్యాక తెనాలి వెళ్ళిపోతే రెండు పూటలు తోటకు నీళ్ళు లేవు. ఇప్పుడు చెవి ఇందాక తిట్టిన ఆంటీ దగ్గర ఉంది. వలంటీర్లుగా మొదలైన 46 మందిలో ఫిబ్రవరికి క్రమంగా వస్తున్నది 11 మంది. పనికి 11 మంది చాలు, మొదటి నెల మట్టి మోతకే 46 కావాలి.

2024 ఫిబ్రవరి నాటికి

రెండో మట్టి పరీక్ష మడులది: పీహెచ్ 8.2, కర్బనం 0.44. పెరిగింది, ఇంకా 0.5 దాటలేదు. జూన్ వానలకు ఆరు మడుల్లో జీలుగ, ఆరింటిలో జనుము వేసి, 35 రోజులకు కోసి, రోటవేటర్ లేకుండా పారతో కలుపుతాం.

దిగుబడి జనవరి చివరికి 214 కిలోలు. అందులో ఆకుకూరలే 130.

ఎండలకు పూటకో ట్యాంకు సరిపోదు. దిమ్మెను ఇంకో మీటరు లేపితే, 1.8 నుంచి 2.8కి, ధార పావు వంతు పెరగాలి. ఇనుప స్టాండుకు వెల్డింగు షాపులో 4,200 అడిగారు. ఖాతాలో 1,830 ఉన్నాయి. పాత స్టాండు ఎక్కడైనా తుక్కు ధరకు దొరుకుతుందేమో ఆటోనగర్‌లో వెతుకుతున్నాం.